ముందు ట్యాంకు చూడు

మా ఊరి పేరు దగ్గరే సగం మంది తెలుగువాళ్ళకి నాలుక మడత పడుతుంది. కొత్తగా చదువుకోవడానికి వచ్చిన పిల్లలు "చెమ్నిట్జ్" అంటారు. నాలుగు వారాలు పోయాక "కెమ్నిట్జ్" దగ్గర స్థిరపడతారు. పూర్వం ఇక్కడ ఉన్న స్లావు జాతుల భాషలో ఆ పేరుకి రాళ్ళ వాగు అని అర్థం. మధ్యలో ఒక ముప్ఫై ఏడేళ్ళపాటు ఆ పేరు కూడా లేదు. 1953 మే 10న తూర్పు జర్మనీ ప్రభుత్వం దీనికి కార్ల్ మార్క్స్ స్టాట్ అని పేరు మార్చింది. 1990లో జనాన్ని అడిగితే నూటికి 76 మంది పాత పేరే కావాలన్నారు. పేరు పోయింది గాని, 1971లో పెట్టిన మార్క్సు తలకాయ మాత్రం పోలేదు. ఏడు మీటర్ల పైన ఎత్తున్న ఆ కంచు తల ఇప్పటికీ ఊరి నడిబొడ్డున, వానలో తడుస్తూ, ఏదో గుర్తు తెచ్చుకోబోతున్నట్టు చూస్తూ ఉంటుంది.

ఈ వ్యాసం మార్క్సు గురించి కాదు. ఈ ఊళ్ళోనూ, ఊరి పక్కనా పెరిగి పెద్దదై ప్రపంచమంతా తిరిగిన ఒక ఇంజను గురించి. ఆ ఇంజనుకి నూనె అందే దారి గురించి. ఆ దారిలో నా చేత్తో నేను బిగించిన ఒక స్క్రూ గురించి కూడా.

2023 జూన్‌లో ఒక శనివారం. ఊరి చివర తోటల్లో మా పొరుగు పెద్దాయన నన్ను సాయానికి పిలిచాడు. జర్మనీలో అపార్టుమెంటుల్లో ఉండేవాళ్ళు ఊరి అంచున చిన్న చిన్న తోటలు అద్దెకి తీసుకుంటారు. అందులో ఒక చెక్క గది, నాలుగు ఆపిలు చెట్లు, కాసిని ముల్లంగి దుంపలు, లెక్కలేనన్ని నిబంధనలు ఉంటాయి. మధ్యాహ్నం వేళ చప్పుడు చెయ్యకూడదనేది ఆ నిబంధనల్లో మొదటిది. అంచేత మూడు దాటేదాకా కాఫీ తాగుతూ కూర్చుని, అప్పుడు లేచాం.

వాన నీళ్ళు పట్టే పెద్ద పీపా అంచుకి ఒక పాత ఔట్‌బోర్డు ఇంజను తగిలించి ఉంది. పడవ వెనక చెక్కకి బిగించి, కింద ఫాను తిరిగితే పడవ ముందుకి పోతుందే, అదే. నీళ్ళల్లో పెట్టకుండా దీన్ని నడపకూడదు. ఒంటికి చల్లదనం ఆ నీళ్ళ నుంచే తీసుకుంటుంది. ఇది జపానులో పుట్టిన టూస్ట్రోకు. గోడ కూలిన తర్వాత, చేతికి పశ్చిమ జర్మనీ డబ్బు వచ్చిన తొలి రోజుల్లో కొన్నాడట. తాడు లాగితే మూడో లాగుడికి అందుకుంది. నీలం పొగ తోటంతా కమ్మింది. నాకు ఆ వాసన తగలగానే కడుపులో ఏదో కదిలింది. అయిదారు నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత ఒకసారి గట్టిగా కూసి, దగ్గి, ఆగిపోయింది.

"కార్బురేటరు," అన్నాడు పెద్దాయన, అప్పటికే స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని. సాక్సనీ యాసలో 'క' అంతా 'గ' అయిపోతుంది కాబట్టి ఆయన నిజానికి "గార్బురేటరు" అన్నాడు.

"ఒక్క నిమిషం ఆగండి," అన్నాను. "ముందు ట్యాంకు చూద్దాం."

ఆయన నా మొహంలోకి చూశాడు. నలభై ఏళ్ళు ఇంజన్లు బిగించిన మనిషికి సలహా చెప్పడమా అన్నట్టుంది ఆ చూపు. నిజమే. ఈ ఊళ్ళోని బార్కాస్ కర్మాగారంలో ట్రబాంటు కార్లకి ఇంజన్లు తయారయ్యేవి. ఆ ఇంజన్లు బిగించిన చేతులవి. అయినా ఎందుకు ఆపానో మీకు చెప్పాలంటే, కొంచెం వెనక్కి వెళ్ళాలి.

*

ఈ ఊరికి 15 కిలోమీటర్ల దూరంలో ఛోపావు అనే చిన్న పట్టణం ఉంది. అదే పేరుగల ఏటి ఒడ్డున ఉంటుంది. యోర్గన్ స్కాఫ్టె రాస్ముసెన్ అనే ఆయన ఆ ఊరికి వలస వచ్చినవాడు. 1878లో డెన్మార్కులో పుట్టాడు. చదువుకోసం సాక్సనీ వచ్చి, అదే ఏటి ఒడ్డున దిగువనున్న మిట్‌వైడా సాంకేతిక విద్యాలయంలో చేరాడు. ఈ రోజు మన పిల్లలు చదువుకి వచ్చి ఇక్కడే ఉద్యోగం చూసుకున్నట్టే, ఆయనా చదువయ్యాక ఇంటికి పోలేదు. కెమ్నిట్జ్‌లో బాయిలరు సామాన్ల వ్యాపారం పెట్టి, 1906లో ఛోపావులో మూతబడ్డ బట్టల మిల్లొకటి కొన్నాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆవిరితో నడిచే బండి చెయ్యాలని చూశాడు. ఆవిరి బండి అనే జర్మను మాటకి పొట్టి అక్షరాలే డీకేడబ్ల్యూ. బండి కుదరలేదు, అక్షరాలు మిగిలిపోయాయి. యుద్ధం అయ్యాక హ్యూగో రుప్పె అనే ఇంజనీరు పిల్లల ఆటబొమ్మకి సరిపోయే బుల్లి టూస్ట్రోకు ఇంజను ఒకటి తయారుచేశాడు. దానికి అవే అక్షరాలతో "కుర్రాడి కోరిక" అని అర్థం చెప్పారు. దాన్నే కాస్త పెంచి సైకిలుకి తగిలించాక, అవే అక్షరాలకి "చిన్న అద్భుతం" అని ఇంకో అర్థం పుట్టింది. ఒకే పేరుకి మూడు అర్థాలు చెప్పడం మన అవధానులకే చేతనవుననుకున్నాను గాని, వ్యాపారస్థులు కూడా తక్కువ తినలేదు. 1920లు ముగిసేసరికి డీకేడబ్ల్యూ ప్రపంచంలోకెల్లా పెద్ద మోటారుసైకిళ్ళ కంపెనీ అయింది. 1932లో ఆడీ, హోర్చ్, వాండరర్ కంపెనీలతో కలిసి ఆటో యూనియన్ అయింది. ఈ రోజు ఆడీ కారు మీద కనిపించే నాలుగు రింగులు ఆ నాలుగు కంపెనీలే. 1936లో ప్రధాన కార్యాలయం కెమ్నిట్జ్‌కి మారింది.

అసలు టూస్ట్రోకులో ఏముంది అంత గొప్ప? చాలా ఇంజన్లు పీల్చడానికి ఒకసారి, నొక్కడానికి ఒకసారి, పేలడానికి ఒకసారి, వదలడానికి ఒకసారి పిస్టను కదుపుతాయి. టూస్ట్రోకు ఆ నాలుగు పనులూ రెండు కదలికల్లో కానిచ్చేస్తుంది. వాల్వులు లేవు, పిస్టనే పైకీ కిందికీ పోతూ గోడలో ఉన్న కన్నాల్ని మూస్తూ తెరుస్తూ ఉంటుంది. విడిభాగాలు తక్కువ, ధర తక్కువ, బరువు తక్కువ. లోపం ఏమిటంటే కొత్తగా వచ్చిన పెట్రోలు కొంత కాలకుండానే పొగతో పాటు బయటికి పోతుంది. 1925లో అడాల్ఫ్ ష్నూర్లె అనే ఇంజనీరు లోపలికి వచ్చే గాలిని సుడి తిప్పి పంపే ఉపాయం కనిపెట్టి ఆ నష్టాన్ని తగ్గించాడు. డీకేడబ్ల్యూ ఆ హక్కు కొనుక్కుని చాలా ఏళ్ళు ఏలింది.

ఇంకో సంగతి ఈ కథకి ముఖ్యం. టూస్ట్రోకుకి అడుగున ఆయిలు గిన్నె ఉండదు. పెట్రోలులో కలిపిన ఆయిలే దాని కీళ్ళకి నూనె. మనవైపు పెట్రోలు బంకుల్లో బజాజ్ స్కూటర్లకి ఆయిలు కలిపి పోయించుకోవడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అంటే ఈ ఇంజనుకి పెట్రోలు తగ్గితే ఆకలి మాత్రమే కాదు, కీళ్ళు కూడా ఎండిపోతాయి. సరిగా అందకపోయినా అలాగే లాగించి నడిపితే పిస్టను వేడెక్కి గోడకి పట్టేస్తుంది. మిగతా ఇంజన్లకి పెట్రోలు దారిలో అడ్డు చిరాకు. దీనికి ప్రాణం మీదకి వస్తుంది.

*

ఇంజను పడవ మీదకి ఎలా వచ్చింది? అక్కడా ఒక వలస మనిషే ఉన్నాడు. ఓలె ఎవిన్‌రూడ్ 1877లో నార్వేలో పుట్టి, అయిదేళ్ళ వయసులో అమ్మానాన్నలతో అమెరికాలోని విస్కాన్సిన్ వచ్చాడు. ఒక ఎండాకాలం సరస్సు మధ్య పిక్నిక్కులో, కాబోయే భార్య బెస్ ఐస్‌క్రీం అడిగితే, ఒడ్డుకి తెడ్డు వేసుకుపోయి తెచ్చేసరికి కరిగి నీళ్ళయిందని, ఆ కోపంతోనే పడవకి ఇంజను కట్టాడని కథగా చెప్పుకుంటారు. 1909లో అమ్మకానికి పెట్టిన ఆయన ఇంజను బరువు 62 పౌండ్లు, బలం ఒకటిన్నర హార్సుపవరు. అంతకు ముందూ ఇలాంటివి చేసినవాళ్ళున్నారు గాని, ఊరూరా అమ్ముడుపోయింది ఇది. ఉత్తరాలు రాసి, లెక్కలు చూసి, అమ్మకాలు నడిపింది బెస్.

ఇక్కడే మన విషయం మొదలవుతుంది. తొలి ఔట్‌బోర్డుల్లో ట్యాంకు ఇంజను నెత్తిమీదే ఉండేది. పైనుంచి కిందికి పెట్రోలు దానంతటదే దిగుతుంది. పంపు అక్కర్లేదు. భూమి ఆకర్షణే పంపు. స్కూటర్లలో, మోటారుసైకిళ్ళలో కూడా అంతే. మా పెద్దాయన బిగించిన ట్రబాంటులో కూడా అంతే! ఆ కారులో ట్యాంకు ముందు బోనెట్టు కింద, ఇంజనుకంటే ఎత్తులో ఉండేది. పెట్రోలు ఎంతుందో చూడాలంటే మూత తీసి పుల్ల ముంచి చూడాలి. అలాంటి బండి ఆగిపోయిందంటే కుళాయి తిప్పి చూడు, ప్లగ్గు తుడువు, కార్బురేటరులో కచరా ఊది పారెయ్యి. మన స్కూటరు వాళ్ళయితే ఒక పక్కకి వంచి మళ్ళీ కిక్కు కొట్టడం. తొంభై పాళ్ళు రోగం కార్బురేటరు దగ్గరే ఉండేది.

ఇంజన్ల బలం పెరిగేకొద్దీ పైనున్న చిన్న ట్యాంకు చాలలేదు. 1950 ప్రాంతంలో అమెరికాలో ట్యాంకుని విడదీసి పడవ అడుగున పెట్టారు. ఇప్పుడు నూనె కిందనుంచి పైకి ఎక్కాలి. మొదట్లో ఇంజను నుంచి గాలిని ఒక గొట్టంలో పంపి ట్యాంకులో ఒత్తిడి పెట్టి, రెండో గొట్టంలోంచి పెట్రోలు తోయించేవారు. ఎక్కడ చిన్న కన్నం పడ్డా అంతా ఆగేది. పైగా ఒత్తిడిలో ఉన్న పెట్రోలు ట్యాంకు కాళ్ళ దగ్గర. పదేళ్ళు తిరక్కుండా అది పోయి ఇప్పటి పద్ధతి వచ్చింది. టూస్ట్రోకు అడుగు భాగంలో పిస్టను కదిలినప్పుడల్లా గాలి ఒత్తుకుంటుంది, వదులవుతుంది. ఆ ఊపిరికే ఒక పల్చటి పొర కట్టారు. పొర లోపలికీ బయటికీ కదులుతూ పెట్రోలుని ట్యాంకులోంచి పీలుస్తుంది. ఇంజను తన ఊపిరితోనే తన తిండి తోడుకుంటుందన్నమాట. మొదలెట్టేటప్పుడు ఊపిరి ఉండదు కాబట్టి గొట్టం మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బల్బు పెట్టారు.

ఇంత చిన్న మార్పుతో రోగం ఉండే చోటు మారిపోయింది. పీల్చే దారిలో ఎక్కడ గాలి దూరినా, ఎక్కడ అడ్డుపడినా ఇంజను చస్తుంది, కార్బురేటరు నిక్షేపంలా ఉన్నా సరే. అన్నిటికంటే ముఖ్యం, ట్యాంకులోంచి ఎంత పెట్రోలు పోతుందో అంత గాలి లోపలికి రావాలి. స్కూటరు మూతలో గాలికి చిల్లు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, దాని గురించి ఎవరూ ఆలోచించరు. కానీ పడవ ట్యాంకుని చేత్తో మోసుకుపోతారు, అది ఒలుకుతుంది, కెరటం మీదపడుతుంది. అందుకని మూత మీద గాలి కోసం ఒక చిన్న స్క్రూ పెట్టారు. మోసేటప్పుడు బిగించాలి. నడిపేటప్పుడు విప్పాలి.

*

ఛోపావులో పుట్టిన విద్య ప్రపంచమంతా ఎలా పాకిందో చెప్పకపోతే, ఆ స్క్రూ మా ఊరు ఎలా వచ్చిందో అర్థం కాదు.

హెర్మన్ వేబర్ అనే ఇంజనీరు డీకేడబ్ల్యూలో ఆర్‌టీ 125 అనే చిన్న మోటారుసైకిలు తయారుచేశాడు. అది 1940లో బయటికొచ్చింది. దానికంటే ముందు వచ్చిన చిన్న బండికి ఒక కథ ఉంది. హాలెండులో దాన్ని అమ్మే వ్యాపారులు యూదులన్న కారణంతో సరుకు ఆపేశారు. వాళ్ళు ఇంగ్లండు పోయి, మనకి బుల్లెట్టుతో పరిచయమైన రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీని అలాంటిదే ఇంకోటి చెయ్యమన్నారు. అలా చేసిన బండే తర్వాత ఇంగ్లీషు సైన్యం చేతికి "ఫ్లయింగ్ ఫ్లీ" పేరుతో వెళ్ళింది.

ఈ చరిత్రలో ట్యాంకు అడుగు మట్టి కూడా ఉంది. యుద్ధకాలంలో ఆటో యూనియన్ 20,000 మందికి పైగా బందీల చేత, ఆక్రమించిన దేశాల నుంచి పట్టుకొచ్చినవాళ్ళ చేత వెట్టి చేయించిందని 2014లో ఆడీ కంపెనీ చేయించిన పరిశోధనే తేల్చింది. అందులో నాజీ నిర్బంధ శిబిరాల ఖైదీలు కూడా ఉన్నారు. "చిన్న అద్భుతం" గురించి మురిసిపోయే ఎవరైనా ఆ మాట కూడా చెప్పుకోవాలి. 1945 మార్చిలో బాంబుల వర్షంలో కెమ్నిట్జ్ నడిబొడ్డు నేలమట్టమైంది.

యుద్ధం తర్వాత రష్యావాళ్ళు నష్టపరిహారం కింద ఛోపావు కర్మాగారం యంత్రాల్ని ఊడదీసి రైళ్ళలో తీసుకుపోయారు. వేబర్‌ని కూడా తీసుకుపోయారు. ఆయన 1948లో అక్కడే పోయాడు. రాస్ముసెన్ తన ఆస్తులన్నీ పోగొట్టుకుని చివరికి పుట్టిన దేశం చేరి, 1964లో కోపెన్‌హాగెన్‌లో కన్నుమూశాడు. ఆయన బండి మాత్రం ఆగలేదు. దాని డ్రాయింగులు గెలిచినవాళ్ళందరి చేతుల్లోకీ వెళ్ళాయి. మాస్కోలో అదే బండి, ఇంగ్లండులో బీఎస్ఏ బాంటమ్ పేరుతో అదే, అమెరికాలో హార్లీ డేవిడ్సన్ పేరుతో అదే. 1955లో జపానులో, అప్పటిదాకా పియానోలూ హార్మోనియాలూ చేసిన యమహా కంపెనీ తన మొదటి మోటారుసైకిలుని దాన్నే ముందు పెట్టుకుని తయారుచేసింది. ఎర్ర తూనీగ అని దాని ముద్దుపేరు. చేతికి టూస్ట్రోకు విద్య పట్టుబడ్డాక, 1960లో అదే యమహా తన మొదటి ఔట్‌బోర్డు అమ్మకానికి పెట్టింది. తర్వాత 1985లో మన దేశంలో ఆర్ఎక్స్ 100 అయి, మన కాలేజీ రోడ్లన్నీ దద్దరిల్లేలా తిరిగింది కూడా ఆ వంశమే.

ఛోపావులో మిగిలినవాళ్ళు ఖాళీ షెడ్లలో మళ్ళీ మొదలెట్టి, ఎమ్‌జెడ్ పేరుతో మోటారుసైకిళ్ళు చేశారు. తూర్పు జర్మనీ తన సొంత ఔట్‌బోర్డులు కూడా చేసుకుంది. వాటికి ఫోరెలె, ట్యూమ్లర్, డెల్ఫిన్ అని చేపల పేర్లూ, గాలి కోసం పైకి వచ్చే సముద్రపు జీవాల పేర్లూ పెట్టుకున్నారు. సముద్రం కనుచూపు మేరలో లేని ఈ సాక్సనీలో, ఆ పేర్లు వింటే నాకు నవ్వూ వస్తుంది, దిగులూ వేస్తుంది.

*

మాది కాకినాడ పక్క ఉప్పాడ తీరం. చీరలకీ, ఊరిని కొంచెం కొంచెంగా కోసుకుపోయే సముద్రానికీ పేరు. తరాలుగా తెరచాపతో, తెడ్డుతో వేటకెళ్ళిన తీరం. తూర్పు తీరంలో చిన్న పడవలకి ఇంజన్లు పెట్టడం గురించి 1979 నుంచి మద్రాసు కేంద్రంగా ఐక్యరాజ్యసమితి వాళ్ళ బంగాళాఖాతం పథకం పనిచేసింది. ఒక్కో ఊళ్ళో ఒక్కో తీరులో, అప్పులు తెచ్చుకుని, ఇంజన్లు వచ్చాయి. మా నాన్న, బాబాయి కలిసి అప్పు చేసి నావకి ఒక జపాను ఔట్‌బోర్డు కొన్నారు. పైనున్న చిన్న డబ్బాలో పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కాక కుళాయి తిప్పి కింది ట్యాంకులోని కిరోసినుకి మార్చే రకం.

1993 డిసెంబరు. నాకు పదకొండేళ్ళు. కిరోసిను ట్యాంకు నింపుకొచ్చే పని నాది. సైకిలు వెనక కట్టుకుని వస్తుంటే గతుకు రోడ్డు మీద మూత దగ్గర ఒలికి నా నిక్కరు తడిసింది. సైకిలు ఆపి, మూత మీద స్క్రూ గట్టిగా బిగించాను. ఒడ్డుకి తెచ్చి దింపి, స్నానానికి ఇంటికి పరిగెత్తాను. స్క్రూ సంగతి ఎవరికీ చెప్పలేదు.

నాన్న, బాబాయి, ఇంకో కళాసీ అర్ధరాత్రి వేటకెళ్ళారు. పెట్రోలు మీద ఇంజను బాగానే అందుకుంది. కిరోసినుకి మార్చాక కాసేపు నడిచి ఆగిపోయింది. మూత తీసి లాంతరు పట్టి చూశారు. ట్యాంకు నిండుగా ఉంది. మళ్ళీ మూత బిగించి, పెట్రోలు మీద స్టార్టు చేశారు. మళ్ళీ నడిచింది, మళ్ళీ ఆగింది. ఇలా నాలుగైదు సార్లయ్యేసరికి పైడబ్బాలో పెట్రోలు అయిపోయింది. నూనె నిండుగా ఉన్నప్పుడు తప్పు ఇంజనుదే కదా! మా నాన్నకి ఇంజను పని నేర్పింది ఊళ్ళో స్కూటర్లు బాగుచేసే మేస్త్రి. ఆయన నేర్పినట్టే, ఊగే నావలో, చీకట్లో, కార్బురేటరు విప్పారు. లోపలి జెట్టు, గోరంత ఇత్తడి ముక్క, జారి నీళ్ళలో పడిపోయింది.

రెండు రాత్రులు కొట్టుకుపోయారు. ఒడ్డున అమ్మ, పిన్ని ఇసుకలో కూర్చుని ఏడవలేదు. ఏడిస్తే అపశకునం అని. అది ఇంకా భయంగా ఉండేది. మూడో రోజు పొద్దున్న ఇంకో ఊరి నావ వాళ్ళని తాడుతో లాక్కొచ్చింది. బాబాయి పెదాలు పగిలిపోయి ఉన్నాయి. నాన్న నా తల నిమిరి, ముందు ఇంజను దింపండి అన్నాడు.

కాకినాడలో మేస్త్రి కొత్త జెట్టు వేసి, తన షాపు ట్యాంకు తగిలించి నడిపితే ఇంజను గంటసేపు నడిచింది. మా ట్యాంకు తగిలిస్తే ఆగింది. ఆయన వంగి, మూత మీద స్క్రూ రెండు వేళ్ళతో తిప్పాడు. "ఫస్" మని గాలి లోపలికి పోయిన చప్పుడు. అంతే. ఇంజను నడిచింది. "ఎవరు బిగించారు దీన్ని?" అన్నాడు మేస్త్రి. నాన్న ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.

ముప్ఫై ఏళ్ళు అనలేదు.

*

ఇప్పుడు తోటలో పీపా దగ్గరికి వద్దాం.

"మీ ట్రబాంటులో పెట్రోలు కిందికి దిగేది," అన్నాను పెద్దాయనతో. "ఇక్కడ పైకి ఎక్కాలి. అందుకని ట్యాంకు నుంచి ఇంజను వైపు వెళ్దాం, ఇంజను నుంచి ట్యాంకు వైపు కాదు."

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. ఇలాంటి పాత ఇంజను చేతిలో ఉన్న వాళ్ళకి పనికొస్తుందని, మేం చేసింది వరసగా చెబుతాను.

మొదట మూత మీద స్క్రూ. విప్పే ఉంది. రెండోది, పెట్రోలు ఎప్పటిది? పోయిన ఎండాకాలందట. నిలవ పెట్రోలు వార్నిషులాగా చిక్కబడి సన్న కన్నాల్ని మూసేస్తుంది. దాన్ని తీసేసి కొత్తది, 50 లీటర్లకి ఒక లీటరు లెక్కన ఆయిలు కలిపి పోశాం. అయినా అదే తీరు. మూడోది రబ్బరు బల్బు. దాని మీద బాణం గుర్తు ఇంజను వైపు ఉండాలి. ఉంది. నాలుగైదు సార్లు నొక్కితే గట్టిపడింది. అంటే గాలి దూరడం లేదు. ఎంత నొక్కినా మెత్తగానే ఉంటే ఎక్కడో కన్నం ఉన్నట్టు, లేదా బల్బులోని చిన్న వాల్వు పోయినట్టు.

ఇక ఇంజను స్టార్టు చేసి, కార్బురేటరుని కాదు, బల్బుని చూస్తూ కూర్చున్నాం. ఆ బల్బు ఇంజను రోగాన్ని నోటితో చెప్పినట్టు చెబుతుంది. ఆగిపోయే ముందు బల్బు గట్టిగానే ఉంటే పెట్రోలు అక్కడిదాకా వచ్చినట్టు. తప్పు పైన ఉంది, కార్బురేటరు సూది దగ్గరో, వడపోత దగ్గరో. ఆగిపోతుండగా బల్బుని చేత్తో నొక్కుతూ ఉంటే ఇంజను బతికితే, పంపులోని పొర నీరసించినట్టు. బల్బు బుగ్గలు లోపలికి పీక్కుపోయి చదునైతే మాత్రం ఇంజను గట్టిగానే పీలుస్తోంది, కిందనుంచి రావడం లేదని అర్థం.

అయిదో నిమిషంలో బల్బు మెల్లగా చదునవడం మొదలెట్టింది. ఆయన మొహం వికసించింది. "ట్యాంకు వైపు!" అన్నాడు చిన్నపిల్లాడిలాగా.

ట్యాంకులోని పీల్చే గొట్టం, దాని చివర జల్లెడ శుభ్రంగానే ఉన్నాయి. ఇక మిగిలింది రబ్బరు పైపు. బయటికి నిగనిగలాడుతోంది. కత్తితో నిలువునా కోసి చూస్తే లోపలి పొర ఉబ్బి, ఊడి, నాలుకలాగా వేలాడుతోంది. మెల్లగా పీలిస్తే దారి ఇస్తుంది, గట్టిగా పీలిస్తే దారికి అడ్డుపడుతుంది. 2011 నుంచి జర్మనీలో నూటికి పది పాళ్ళ దాకా ఆల్కహాలు కలిపిన పెట్రోలు అమ్ముతున్నారు. పాత రబ్బరుకి అది పడదు. పైగా గాలిలో తేమని పీల్చుకుని ట్యాంకు అడుగున నీళ్ళు చేరుస్తుంది. మన దేశంలో 2023 నుంచి నూటికి ఇరవై పాళ్ళు కలిపిన పెట్రోలు బంకులకి వచ్చింది కాబట్టి, అటకెక్కించిన పాత బండ్లు దింపేవాళ్ళు పైపులు ఒకసారి చూసుకోండి. ఆల్కహాలుకి తట్టుకునే కొత్త పైపూ, కొత్త బల్బూ తెచ్చి వేశాం. ఇంజను ఇరవై నిమిషాలు నడిచింది. ఆపకపోతే ఇంకా నడిచేదే గాని, పక్క తోట ఆవిడ కంచె దగ్గరికి వచ్చి నిబంధనలు గుర్తుచేసింది.

పొగ సంగతిలో ఆవిడదే న్యాయం. టూస్ట్రోకు ఎంత తెలివైనదైనా కాలని పెట్రోలుని నీళ్ళలోకి వదులుతుంది. అందుకే ఐరోపాలో 2007 నాటికి కొత్తగా ఇలాంటివి అమ్మడం ఆగిపోయింది. ఒకప్పుడు టూస్ట్రోకు పొగ పీల్చి బతికిన మా ఊళ్ళో బార్కాస్ వాళ్ళు 1988లోనే ఫోక్స్‌వాగన్ ఫోర్‌స్ట్రోకు ఇంజన్లు మొదలెట్టారు. ఛోపావు కోటలోని మ్యూజియంలో ఇప్పుడు "చిన్న అద్భుతాలు" తుడిచి, మెరిపించి, తాడు కట్టి ఉంచారు. ముట్టుకోకూడదు.

తర్వాతి వారం పడవని కారు వెనక కట్టుకుని ఎల్బ నది మీదకి, మైసెన్ దగ్గరికి వెళ్ళాం. 2012 నుంచి 15 హార్సుపవరు దాకా అక్కడ లైసెన్సు అక్కర్లేదు. ఇంజను ఒక్కసారి కూడా తడబడలేదు. నది మధ్య నుంచి నాన్నకి వీడియో కాల్ చేశాను. ఇప్పుడు వేట మానేసి కాకినాడలో తమ్ముడి దగ్గర ఉంటున్నాడు. ఇంజనుని చూపించాను. తోటలో ఆగిపోయిన సంగతి చెప్పాను.

"మూత మీద స్క్రూ చూశావా ముందు?" అన్నాడు.

నాకు మాట రాలేదు. కాసేపటికి, "నాన్నా, ఆ రోజు దాన్ని బిగించింది నేనే," అన్నాను.

"తెలుసురా. సైకిలు మీద తెచ్చింది నువ్వేగా. ఒలక్కుండా బిగించావు, మంచి పనే చేశావు. విప్పి చూసుకోకుండా నావెక్కింది నేను. సంద్రం మీదకెళ్ళేవాడు చూసుకోవాలి గాని, నింపినవాడిదా తప్పు?"

పెద్దాయన అటు తిరిగి ఇంజను చప్పుడు వింటున్నట్టు నటించాడు. తెలుగు రాకపోయినా ఆయనకేదో అర్థమైంది.

"ఇంతకీ ఆ పైపు ఎంతయిందిరా?" అన్నాడు నాన్న.

"బల్బుతో కలిపి ముప్ఫై యూరోలు."

"మన డబ్బుల్లో?"

చెప్పాను. "రెండున్నర వేల పైనా! ఓ రబ్బరు గొట్టానికా!" అని ఆశ్చర్యపోయి, ఆ ఆశ్చర్యంలోనే ఫోను అమ్మకి ఇచ్చేశాడు.